పొలిమేర దాటితే హక్కులు మారతాయా?

కదిరి, రాయచోటి, ఆదోని, నారాయణపేట వంటి ఊళ్లలో ఏ ముస్లిం మొహల్లాకు వెళ్లి అడిగినా, ప్రతి నాలుగైదు ఇళ్లకు ఒకరు పొరుగు రాష్ట్రంలో ఉన్నారనే సమాధానం వస్తుంది. ఒకరు బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటారు. ఒకరు ముంబైలో టైలరింగ్ చేస్తుంటారు. ఒకరు చెన్నైలో పండ్ల బండి పెట్టుకుంటారు. మరొకరు పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. ఆడపిల్లను హొసపేటకో, షోలాపూర్‌కో ఇచ్చినవారు ఉంటారు. అక్కడి నుంచి కోడలిని తెచ్చుకున్నవారూ ఉంటారు. పటంలో కనిపించే రాష్ట్ర సరిహద్దు మన కుటుంబాల మధ్య ఏనాడూ గోడగా నిలవలేదు.

కాని పరాయి ఊళ్లో ఒక కష్టం వచ్చిన రోజున ఆ గీత ఉన్నట్టుండి గోడలా కనిపిస్తుంది. "ఇది మీ రాష్ట్రం కాదు, మీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు, మీ రేషన్ కార్డు ఇక్కడ పనిచేయదు, మీరు ఇక్కడివారేనని రుజువేమిటి?" అనే మాటలు వినాల్సి వస్తుంది. వీటిలో కొన్ని చట్టం అనుమతించిన మాటలే. కొన్నింటికి ఏ చట్టపు ఆధారమూ లేదు. ఏది ఏదో తెలియకపోవడం వల్ల, ఉన్న హక్కును వదులుకునేవారు కొందరైతే, లేని హక్కును నమ్ముకొని పిల్లల సీట్లు పోగొట్టుకునేవారు మరికొందరు. ఈ నేపథ్యంలో, భారత పౌరుడు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లినప్పుడు రాజ్యాంగం ఇచ్చిన రక్షణల్లో ఏవి అతని వెంట వెళ్తాయి, ఏవి వెనకే ఉండిపోతాయి అన్న విషయాన్ని పరిశీలించడం అవసరం.

ఒకే పౌరసత్వం

అమెరికాలో పౌరుడికి రెండు పౌరసత్వాలు ఉంటాయి. ఒకటి దేశానిది, రెండోది అతను నివసించే రాష్ట్రానిది. మన రాజ్యాంగ నిర్మాతలు ఆ దారిని ఎంచుకోలేదు. రాజ్యాంగంలోని 5 నుంచి 11 వరకు ఉన్న అధికరణాలు ఒకే ఒక్క పౌరసత్వాన్ని, భారత పౌరసత్వాన్ని మాత్రమే గుర్తించాయి. ఆంధ్ర పౌరుడు, కన్నడ పౌరుడు, గుజరాత్ పౌరుడు అనే వారు చట్టం దృష్టిలో లేరు. దేశమంతటికీ ఒకే నివాస స్థానం తప్ప రాష్ట్రానికొక నివాస స్థానం అనే భావన మన రాజ్యాంగానికి సరిపడదని సుప్రీంకోర్టు 1984లో ప్రదీప్ జైన్ కేసులో వివరించింది.

దీనికి ఒక మినహాయింపు జమ్ము కాశ్మీర్‌లో ఉండేది. 1954 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా చేరిన 35ఎ అధికరణం అక్కడి శాశ్వత నివాసులకు ఉద్యోగాలు, స్థిరాస్తి విషయాల్లో ప్రత్యేక హక్కులు ఇచ్చింది. 2019 ఆగస్టులో ఆ ఏర్పాటు ముగిసింది. ఆ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 2023 డిసెంబర్ 11న సమర్థించింది.

19వ అధికరణం ప్రకారం భారత భూభాగంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా తిరిగే హక్కు, ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కు, నచ్చిన వృత్తి వ్యాపారాలు చేసుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉన్నాయి. ఈ హక్కులకు పరిమితులు లేకపోలేదు. ప్రజల సాధారణ ప్రయోజనం కోసం, షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ కోసం సహేతుకమైన ఆంక్షలు విధించవచ్చు. ఏజెన్సీ ప్రాంతాల్లో బయటివారి భూముల కొనుగోలుపై నిషేధం ఈ కోవలోనిదే. దానిని మనం గౌరవించాలి. కాని "నీ భాష వేరు, నీ మతం వేరు, నువ్వు మా ఊరివాడివి కాదు, ఇక్కడ బండి పెట్టకు" అనే అధికారం ఏ అధికారికీ లేదు. ఏ గుంపుకూ అంతకన్నా లేదు.

ఇక 14వ అధికరణం ఇచ్చే చట్టం ముందు సమానత్వం, 21వ అధికరణం ఇచ్చే ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛల రక్షణ పౌరులకే పరిమితం కావు. ఈ గడ్డపై ఉన్న ప్రతి మనిషికీ అవి వర్తిస్తాయి.

అంతగా ప్రచారంలో లేని మరో అధికరణాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అది 261వ అధికరణం. కేంద్రం, ప్రతి రాష్ట్రం చేసిన ప్రభుత్వ చర్యలకు, రికార్డులకు, కోర్టు తీర్పులకు దేశమంతటా పూర్తి విశ్వాసం, విలువ ఇవ్వాలని అది ఆదేశిస్తోంది. అంటే కదిరి మున్సిపాలిటీ ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం తెలుగులో ఉన్నా, గుజరాత్‌లో కూడా అది ప్రభుత్వ రికార్డే. అనువాదం అడగవచ్చు, సరిచూసుకోవచ్చు. వేరే రాష్ట్రానిది అన్న ఒక్క కారణంతో దానిని పక్కన పడేయడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధం.

పుట్టిన చోటు వేరు, నివాసం వేరు

సామాన్యులే కాదు, చదువుకున్నవారు కూడా తరచుగా పొరబడే అంశం ఒకటుంది. 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా వివక్ష చూపరాదని చెబుతుంది. ఈ జాబితాలో నివాసం అనే మాట లేదు. ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించిన 16వ అధికరణంలో మాత్రం పుట్టిన చోటుతో పాటు నివాసం కూడా ఉంది. ఈ ఒక్క మాట తేడాతో అనేక వేల కుటుంబాల భవిష్యత్తు మారుతోంది.

1955లోనే ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఇండోర్ వైద్య కళాశాలలో నాటి మధ్యభారత్ రాష్ట్ర నివాసులు కానివారి నుంచి అదనపు ఫీజు వసూలు చేసేవారు. ఢిల్లీకి చెందిన ఒక విద్యార్థి దానిని సవాలు చేశాడు. నివాసాన్ని బట్టి తేడా చూపడం, పుట్టిన చోటును బట్టి తేడా చూపడం ఒకటి కాదని కోర్టు మెజారిటీ తీర్పులో చెప్పింది. విద్యాసంస్థల్లో స్థానిక కోటాలు నేటికీ నిలబడుతున్నాయంటే దానికి పునాది ఈ తీర్పే.

ఉద్యోగాల విషయంలో రాజ్యాంగ సభ మరింత జాగ్రత్త పడింది. 1948 నవంబర్ 30న జరిగిన చర్చలో నివాసం ఆధారంగా కూడా వివక్ష ఉండరాదన్న సవరణ వచ్చింది. అయితే కొన్ని సందర్భాల్లో స్థానిక నివాసం అవసరమవుతుందన్న వాదన కూడా వినిపించింది. అప్పుడు మన నెల్లూరు జిల్లాలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మధ్యేమార్గం చూపారు. నివాసం షరతు పెట్టాల్సి వస్తే ఆ చట్టాన్ని పార్లమెంటే చేయాలి, రాష్ట్ర శాసనసభలు చేయరాదు. నేటి 16వ అధికరణంలోని మూడో క్లాజు సారాంశం ఇదే. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తలుపులు మూసుకుంటూ పోతే ఒకే పౌరసత్వం అన్న మాటకు అర్థం ఉండదన్న ముందుచూపు ఇందులో కనిపిస్తుంది.

ముల్కీ నేర్పిన పాఠం

ఈ విషయంలో తెలుగువారికి ఉన్నంత అనుభవం దేశంలో మరెవరికీ లేదంటే అతిశయోక్తి కాదు. నిజాం కాలంలో 1919లో వచ్చిన ముల్కీ నిబంధనల ప్రకారం ప్రభుత్వ కొలువు కావాలంటే హైదరాబాద్ సంస్థానంలో 15 ఏళ్ల నివాసం ఉండాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత తెలంగాణ ఉద్యోగాల రక్షణ కోసం పార్లమెంటు 1957లో ఒక చట్టం చేసింది. 1969లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని తెలంగాణకు సంబంధించిన భాగాన్ని కొట్టివేసింది. 16వ అధికరణం రాష్ట్రమంతటికీ నివాసం షరతు పెట్టడానికి అవకాశమిస్తుందే కాని, రాష్ట్రంలోని ఒక భాగానికి మాత్రమే పెట్టడానికి కాదన్నది ఆ తీర్పు సారాంశం. 1972లో అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పింది. మొదటి తీర్పు వచ్చిన నాడు తెలంగాణ, రెండో తీర్పు వచ్చిన నాడు ఆంధ్ర ఉద్యమాలతో అట్టుడికిపోయాయి.

చివరకు 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, వాటి ద్వారా 371డి అధికరణం వచ్చాయి. 1975 అక్టోబర్ 18న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని జోన్లుగా విభజించి స్థానికులకు ఉద్యోగాల్లో వాటా నిర్ణయించింది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినా 371డి రెండు రాష్ట్రాలకూ కొనసాగుతోంది. 2018లో తెలంగాణకు వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికుల వాటాను 95 శాతానికి పెంచింది.

మన దగ్గర స్థానిక కోటా ఉంది కాబట్టి దేశమంతటా అలాగే ఉంటుందని కొందరు భావిస్తారు. అది నిజం కాదు. ఇక్కడ అది రాజ్యాంగంలోనే ప్రత్యేకంగా చోటు సంపాదించుకున్న ఏర్పాటు. ఆ రక్షణ లేని చోట రాష్ట్ర ప్రభుత్వం తన ఇష్టానుసారం పుట్టిన జిల్లాను బట్టి మార్కులు కలపడం చెల్లదు. రాజస్థాన్‌లో ఉపాధ్యాయ నియామకాల్లో సొంత జిల్లా అభ్యర్థులకు ఇచ్చిన అదనపు మార్కులను సుప్రీంకోర్టు 2002లో తప్పుపట్టింది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి అదనంగా ఇచ్చిన 5 శాతం మార్కులు కూడా 1995లో కోర్టులో నిలబడలేదు.

ప్రైవేటు ఉద్యోగాలపై కొత్త కంచెలు

గత కొన్నేళ్లుగా ఈ వివాదం ప్రైవేటు రంగానికి పాకింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. హర్యానా 2020లో చేసిన చట్టం నెలకు 30 వేల రూపాయల లోపు జీతం ఉన్న ప్రైవేటు ఉద్యోగాల్లో 75 శాతం కోటా పెట్టింది. దానిని పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబర్ 17న రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఇటువంటి బిల్లునే ఆమోదించి, విమర్శలు రావడంతో పక్కన పెట్టింది.

ఈ కర్ణాటక బిల్లు వార్త వచ్చిన రోజున మన ఎన్ని ఇళ్లలో గుండె జారిందో ఊహించవచ్చు. బెంగళూరులో పనిచేసే తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. వారిలో ముస్లిం యువకులు కూడా గణనీయంగానే ఉన్నారు. మన ఊళ్లో ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగాలన్నీ మనకే కావాలని డిమాండ్ చేసే మనమే, పక్క రాష్ట్రం ఆ మాటే అంటే అన్యాయమంటాము. ఈ రెండు నాలుకల ధోరణిని విడిచిపెట్టి ఆలోచించాలి.

స్థానికుల బాధలో న్యాయం లేదని కాదు. భూములు ఇచ్చిన రైతు కొడుకు గేటు బయట వాచ్‌మన్‌గా మిగిలిపోతే, లోపల కుర్చీలన్నీ బయటివారివైతే, కడుపు మండటం సహజం. దానికి మందు నైపుణ్య శిక్షణ, భూమి ఇచ్చిన కుటుంబాలతో ముందే రాతపూర్వకంగా ఒప్పందాలు, స్థానిక విద్యాసంస్థల బాగు. సరిహద్దు దగ్గర కంచె వేస్తే ఎదుటివాడూ వేస్తాడు. అప్పుడు ఎక్కువగా నష్టపోయేది సొంత ఊళ్లో సెంటు భూమి, శాశ్వత ఉపాధి లేక బయటికి పోవడం తప్పనిసరైన పేదలే. వారిలో ముస్లిములు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పనక్కరలేదు.

సర్టిఫికెట్ ఎక్కడిదక్కడే

హక్కులు వెంట వస్తాయి సరే, రిజర్వేషన్లు వస్తాయా? రావు. ఈ చేదు నిజాన్ని ప్రతి తల్లీతండ్రీ గుర్తుంచుకోవాలి.

ఈ న్యాయసూత్రం స్థిరపడింది ఒక తెలుగు కుటుంబం కేసులోనే. తెనాలిలో పుట్టిన ఒక విద్యార్థి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న కులానికి చెందినవాడు. తండ్రి ఉద్యోగరీత్యా చిన్ననాడే బొంబాయి చేరాడు. అక్కడ వైద్య విద్యలో తెగల కోటా కింద సీటు కోరాడు. ఒక రాష్ట్రంలో వెనుకబాటుకు గురైన సమూహం మరో రాష్ట్రంలో అదే స్థితిలో ఉండాలని లేదు కనుక, ఆ హోదా రాష్ట్రం దాటి రాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2018లో రాజ్యాంగ ధర్మాసనం కూడా రాష్ట్రాల విషయంలో ఇదే సూత్రాన్ని బలపరిచింది.

మన విషయానికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం ద్వారా ముస్లిములలోని కొన్ని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా, సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చి 25న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. దూదేకుల వర్గం అంతకుముందు నుంచే బీసీ-బి జాబితాలో ఉంది. పక్కనున్న కర్ణాటకలో ముస్లిములకు 2బి అనే వేరే కేటగిరీ, తమిళనాడులో వెనుకబడిన ముస్లిములకు 3.5 శాతం ప్రత్యేక కోటా ఉన్నాయి. ఒకచోట ఉన్న పేరు మరోచోట ఉండదు. కర్నూలు తహసీల్దారు ఇచ్చిన బీసీ-ఇ సర్టిఫికెట్ పట్టుకొని బళ్లారిలో సీటు అడిగితే ప్రయోజనం లేదు. పెళ్లయి పొరుగు రాష్ట్రానికి వెళ్లిన ఆడపిల్లలు, బదిలీపై వెళ్లిన ఉద్యోగుల పిల్లలు దరఖాస్తు గడువు ముగిశాక ఈ సంగతి తెలుసుకొని బాధపడుతుంటారు.

వైద్య విద్యలో మరో మెలిక ఉంది. పోస్టుగ్రాడ్యుయేట్ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న స్పష్టం చేసింది. ఎంబీబీఎస్ స్థాయిలో మాత్రం రాష్ట్రాలు స్థానిక కోటా పెట్టవచ్చు. తెలంగాణలో స్థానిక కోటా కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను అదే కోర్టు 2025 సెప్టెంబర్ 1న సమర్థించింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడిని మంచి కోచింగ్ అని ఇంటర్మీడియట్ రెండేళ్లు గుంటూరుకో, విజయవాడకో పంపే తల్లిదండ్రులు ఇది తెలుసుకోకపోతే, ర్యాంకు వచ్చినా సొంత రాష్ట్రంలో స్థానికుడు కాకుండా పోయే ప్రమాదముంది. తొమ్మిదో తరగతిలోనే ఆలోచించాల్సిన విషయమిది.

మైనారిటీ హోదా కూడా రాష్ట్రాన్ని బట్టే నిర్ణయమవుతుందని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఇందులో మనకు మేలు కూడా ఉంది. కర్ణాటకలో, తమిళనాడులో తెలుగువారు భాషా మైనారిటీలు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 350ఎ అధికరణం రాష్ట్రాలను ఆదేశిస్తోంది. ఉర్దూ మాతృభాషగా ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. అడిగేవారు లేకపోవడం వల్లే అనేక చోట్ల ఇది కాగితాలకు పరిమితమైంది.

రేషన్, కూలీ, ఓటు

2020 లాక్‌డౌన్ రోజుల్లో వందల మైళ్లు కాలినడకన వచ్చిన కూలీల దృశ్యాలు ఇంకా కళ్లముందే ఉన్నాయి. ఆ విషాదం తరువాత, దేశమంతటా ఒకే రేషన్ కార్డు పద్ధతిని 2021 జులై 31లోగా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది జూన్ 29న ఆదేశించింది. నేడు జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డుదారుడు ఏ రాష్ట్రంలోనైనా వేలిముద్ర వేసి తన వాటా బియ్యం లేదా గోధుమలు తీసుకోవచ్చు. కాని రాష్ట్ర ప్రభుత్వం తన సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులకు ఈ సౌకర్యం లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ అటువంటి కార్డులు ఉన్నాయి. బయలుదేరేముందే తమ కార్డు ఏ రకమో రేషన్ డీలరును అడిగి తెలుసుకోవాలి.

వలస కూలీల రక్షణకు 1979లో ఒక చట్టం వచ్చింది. కాంట్రాక్టరు ద్వారా వెళ్లినవారికే అది వర్తించేది. ఇప్పుడు దాని స్థానంలోకి వచ్చిన కార్మిక స్మృతి 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. నిర్ణీత వేతన పరిమితికి లోబడి, తమంతట తాముగా వెళ్లి పనిలో చేరినవారిని కూడా అది వలస కార్మికులుగా గుర్తిస్తుంది. చట్టం మారినంత మాత్రాన మేస్త్రీ మారడు. కూలీ లెక్క చిన్న పుస్తకంలోనైనా రాయించుకునే అలవాటు మనవారికి ఉండాలి.

ఓటు విషయానికొస్తే, సాధారణంగా నివసించే చోటే ఓటరుగా నమోదు కావాలి, రెండు చోట్ల ఉండరాదు అన్నది చట్టం. 2025లో బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. శాశ్వతంగా వలస వెళ్లారన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. పని కోసం ఊరు విడిచినవాడు ఊళ్లో లేడని, పట్నంలో పరాయివాడని, రెండుచోట్లా ఓటు కోల్పోయే పరిస్థితి ప్రజాస్వామ్యానికి శోభనివ్వదు.

అనుమానపు నీడలో

అన్నింటికన్నా ఆందోళన కలిగించే అంశం ఇది. 2025లో ఢిల్లీతో సహా పలు రాష్ట్రాల్లో బెంగాలీ మాట్లాడే ముస్లిం కూలీలను బంగ్లాదేశీయులన్న అనుమానంతో పట్టుకున్న ఘటనలు వెలుగులోకి వచ్చాయి. పశ్చిమబెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణిని, ఆమె కుటుంబాన్ని జూన్‌లో ఢిల్లీలో పట్టుకొని సరిహద్దు దాటించారు. అవతల ఆమెను అక్రమంగా చొరబడినదానిగా జైల్లో పెట్టారు. ఆ చర్యను సెప్టెంబర్ 26న కలకత్తా హైకోర్టు రద్దుచేసి, నాలుగు వారాల్లో వెనక్కి తీసుకురావాలని ఆదేశించింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, మానవతా దృష్టితో తీసుకువస్తామని కేంద్రం చెప్పింది. ఆమె, ఎనిమిదేళ్ల కొడుకు డిసెంబర్‌లో గాని స్వదేశంలో అడుగుపెట్టలేకపోయారు.

ఈ కేసు బెంగాల్‌ది, మనకేమిటి అనుకోరాదు. విదేశీయుల చట్టం కింద తాను విదేశీయుడిని కానని రుజువు చేసుకునే భారం ఆ వ్యక్తిపైనే ఉంటుంది. నేరాల విషయంలో ఉన్న సాధారణ సూత్రానికి ఇది విరుద్ధం. అయితే ఎవరిని పడితే వారిని పట్టుకొని రుజువు చూపమనడానికి వీల్లేదని, ముందుగా అనుమానానికి తగిన ఆధారం అధికారుల వద్ద ఉండాలని, పేర్ల స్పెల్లింగులో చిన్నచిన్న తేడాలు చూపి పౌరసత్వాన్ని తోసిపుచ్చరాదని 2024 జులైలో అసోంకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ పేర్ల సంగతి మన ఇళ్లకు ఎంత దగ్గరో చూడండి. మన జిల్లాల్లో షేక్, సయ్యద్, పఠాన్ అనే మాటలను ఇంటిపేరులా ముందు రాస్తాము. మహారాష్ట్రలో అవి పేరు చివరకు వెళ్తాయి. బడిలో మస్తాన్ వలి అని ఉంటే ఆధార్‌లో మస్తాన్‌వల్లి, రేషన్ కార్డులో ఎస్. మస్తాన్ అని ఉంటుంది. బాషా ఒకచోట పాషా అవుతాడు. పెళ్లయ్యాక బీ పోయి బేగం వస్తుంది. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి కనుక ఇబ్బంది ఉండదు. వెయ్యి మైళ్ల అవతల, భాష రాని పోలీస్ స్టేషన్‌లో, ముగ్గురు వేర్వేరు మనుషులుగా కనిపిస్తాడు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతోందని కూడా గుర్తుంచుకోవాలి.

ముందుజాగ్రత్తలు

భయపడి ఇంట్లో కూర్చోవడం పరిష్కారం కాదు. పనికి వెళ్లడం మన హక్కు. అయితే బయలుదేరేముందు పుట్టిన తేదీ ధ్రువపత్రం, పదో తరగతి సర్టిఫికెట్, తల్లిదండ్రుల భూమి లేదా ఇంటి కాగితాలు, ఓటరు జాబితాలోని పేజీ వంటివాటిలో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తేడాలుంటే ఊళ్లోనే సరిచేయించుకోవాలి. అసలు పత్రాలు ఇంట్లో ఉంచి నకళ్లు వెంట తీసుకెళ్లాలి.

పోలీసులు అదుపులోకి తీసుకుంటే కారణం చెప్పాలి, న్యాయవాదిని సంప్రదించనివ్వాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది 22వ అధికరణం ఇచ్చిన రక్షణ. అరెస్టుకు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సూరత్‌లో అరెస్టయిన తెలుగువాడికి గుజరాతీ కాగితం చేతిలో పెట్టి సంతకం చేయమనడం ఇకపై చెల్లదన్నమాట. తామే బాధితులైతే, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇచ్చే వీలు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఉంది. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. దేశంలో ఎక్కడి నుంచైనా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి యువజన సంఘం తమ మొహల్లా నుంచి బయటి రాష్ట్రాలకు వెళ్లినవారి పేర్లు, పనిచేసే చోటు, ఇంటివారి ఫోన్ నంబర్లు ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచితే, ఆపద వచ్చిన రాత్రి అదే పెద్ద ఆసరా అవుతుంది. ఇందుకు డబ్బు అక్కరలేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

మన వాకిట్లో ముసాఫిర్

చివరగా మరో మాట. హైదరాబాద్ అపార్టుమెంట్ల నిర్మాణంలో, మన పట్టణాల హోటళ్లలో, రైస్ మిల్లుల్లో పనిచేస్తున్న బీహారీ, ఒడియా, బెంగాలీ కుర్రాళ్లు ఎవరు? వారు కూడా అదే 19వ అధికరణాన్ని నమ్ముకొని వచ్చినవారే. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. వారికి ఇల్లు అద్దెకు ఇవ్వడానికి వెనకాడేవారిలో, అందరికన్నా తక్కువ కూలీ ఇచ్చేవారిలో, ఊళ్లో దొంగతనం జరిగితే మొదట వారివైపే వేలు చూపించేవారిలో మనవారు లేరని గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పగలమా?

జకాత్ సొమ్ములో ముసాఫిర్‌కు కూడా హక్కు ఉందని చిన్ననాటి నుంచి వింటూ పెరిగిన సమాజం మనది. ఆ ముసాఫిర్ ఎవరి మతం వాడు, ఏ భాష వాడు అని అడగకుండా అతని కూలీ అతనికి, అతని గౌరవం అతనికి దక్కేలా చూడటం మన బాధ్యత. మన బిడ్డ బెంగళూరులోనో, ముంబైలోనో ఏ న్యాయం కోరుకుంటున్నాడో, మన వీధిలో ఉన్న పరాయి బిడ్డకు ఆ న్యాయం మనం ఇవ్వాలి. రాష్ట్రాల పొలిమేరలు పరిపాలన సౌలభ్యం కోసం గీసుకున్నవి. వాటికి ఇవతల ఒక మనిషి, అవతల మరో మనిషి అని రాజ్యాంగం ఎక్కడా రాయలేదు.